పదో మనిషి వచ్చాకే చట్టమా?

రాజధాని అమరావతి కోసం భూములిచ్చిన ఊళ్లకు రాష్ట్ర ప్రభుత్వం రాసిచ్చిన హామీలన్నీ 2015 జనవరి 1 నాటి భూసమీకరణ నిబంధనల్లో ఉన్నాయి. రైతుకు రావలసిన కౌలు లెక్క తుళ్లూరులో చిన్నపిల్లాడికైనా తెలుసు. మెట్ట ఎకరాకు ఏటా 30 వేలు, జరీబుకు 50 వేలు, భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 పింఛను. పెద్దగా చర్చకు రానివి ఆ తర్వాతి పంక్తులు. 2014 డిసెంబరు 8 నాటికి రాజధాని గ్రామాల్లో నివాసమున్న వారందరికీ ఉచిత విద్య, ఉచిత వైద్యం అందిస్తామని ఆ నిబంధనలు చెప్పాయి. పేద కుటుంబాలు సొంతంగా ఏదైనా పెట్టుకోవడానికి 25 లక్షల రూపాయల దాకా వడ్డీలేని రుణం ఇప్పిస్తామనీ చెప్పాయి. పొలం పోయిన చోట చిన్న వ్యాపారమే బతుకుతెరువు అవుతుందని, ఆ వ్యాపారం నిలవాలంటే వైద్యం ఖర్చు మీద పడకూడదని సర్కారు తానే గుర్తించి సంతకం చేసిందన్నమాట. దశాబ్దం దాటిపోయింది. ఉచిత వైద్యమంటే ఆచరణలో ఆరోగ్యశ్రీ కార్డు మీద దొరికే వైద్యమే అయింది. ఇక పనిలోకి వెళ్లే తల్లి బిడ్డను ఎక్కడ వదలాలన్న ప్రశ్నకు ఆ హామీల వరుసలో మొదటి నుంచీ చోటే లేదు.

తుళ్లూరు చిన్న వ్యాపారి ఇప్పటికే ఒకసారి మునిగి తేలినవాడు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగాక అప్పు చేసి కొట్టు తెరిచాడు. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వినబడ్డాక షట్టరు దించాడు. 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాక, పాత అప్పు తీరకుండానే మరో అప్పుతో షట్టరు ఎత్తాడు. ప్రభుత్వాల నిర్ణయాలకు ఇంత మూల్యం చెల్లించిన వర్గానికి కనీసం రోగమొచ్చిన రోజునైనా ప్రభుత్వం తోడుంటుందని ఆశించడం అత్యాశ కాదు.

రాజధాని పనుల కూలీల మీద నడిచే ఒక టిఫిన్ బండిని ఊహించండి. ఇలాంటివి ఈ చుట్టుపక్కల ఏ కూడలిలోనైనా కనిపిస్తాయి. ఇల్లాలు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పిండి పట్టి, ఆరు కాకముందే పొయ్యి వెలిగిస్తుంది. సాయంగా ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు పూరీలు వత్తడానికి, మరొకరు గిన్నెలు తోమడానికి. బల్ల కింద, బియ్యం బస్తా మీద రెండేళ్ల పసివాడు. కాగే నూనె బాణలికీ వాడికీ మధ్య ఒక అట్టపెట్టె అడ్డం. వాడికి జ్వరం తగిలిందంటే ఆ పూట బండి లేదు. రుబ్బిన పిండి పులిసి పారబోతకు పోతుంది. యాభై మంది కూలీలకు ఖాతా పెట్టుకున్న మేస్త్రీ రెండు రోజులు చూసి ముఠాను పక్క హోటలుకు మళ్లిస్తాడు. ఆ ఖాతా తిరిగి రావడం అరుదు. డాక్టరు ఫీజు, రక్తపరీక్షలు, మందులు కలిపితే ఒక మొత్తం. పోయిన బేరం దానికి రెట్టింపు. ఈ రెండో లెక్క ఏ ప్రభుత్వ పథకంలోనూ కనబడదు.

ఆరోగ్యశ్రీని తక్కువ చేసి మాట్లాడనక్కర్లేదు. 2007లో మొదలైన ఆ పథకం గుండె ఆపరేషన్‌కో, క్యాన్సర్ చికిత్సకో పొలం అమ్ముకోవలసిన గతి నుంచి లక్షల కుటుంబాలను తప్పించింది. పేర్లు మారినా ప్రభుత్వాలన్నీ దాన్ని నిలబెట్టాయి. 2023 డిసెంబరులో చికిత్స పరిమితిని 25 లక్షలకు పెంచారు. అయితే ఆ కార్డు పనిచేసేది ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు. కొట్టును గుల్ల చేసేవి చాలావరకు ఆస్పత్రిలో చేరనక్కర్లేని జబ్బులే. నెలనెలా బీపీ, షుగరు మాత్రలు, ఏటా వచ్చే విషజ్వరాలు, నడుంనొప్పికి స్కానింగు, పిల్లల దగ్గు, పురుగుమందు పిచికారీతో వచ్చే కళ్లమంటలు. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో వైద్యానికయ్యే మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచే పోతోంది. ప్రభుత్వాల వాటా అదే ఏడాది స్థూల దేశీయోత్పత్తిలో 1.84 శాతం. దాన్ని 2025 నాటికి రెండున్నర శాతం చేస్తామని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఇంట్లో పడుకుని కోలుకునే రోజులకు కూడా ఖరీదుంటుందని ఈ రాష్ట్రం ఒకసారి ఒప్పుకుంది. 2019 డిసెంబరు 2న, ఇదే గుంటూరులో, ఆరోగ్య ఆసరా పేరిట ప్రారంభించిన పథకం శస్త్రచికిత్స తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇస్తామంది. మొత్తం చిన్నదే కావచ్చు, సూత్రం మాత్రం పెద్దది. పని ఆగిన రోజు కూడా వైద్య వ్యయంలో భాగమేనన్న ఆ సూత్రాన్ని విస్తరించవలసింది పోయి పాలకులు పరిమితి అంకెను పెంచడంలోనే పోటీ పడ్డారు. పాతిక లక్షల బోర్డు వేదిక మీద బాగా కనబడుతుంది మరి.

ఆ పాతిక లక్షల కార్డు తీరా అవసరమైన రోజున చెల్లుతుందా? 2024లో ఎన్నికలకు ముందూ, 2025లోనూ నెట్‌వర్క్ ఆస్పత్రులు బకాయిల కోసం సేవలు ఆపాయి. 2025 అక్టోబరు 10న ఆపినప్పుడు తమకు 2,700 కోట్ల రూపాయల దాకా రావాలని ఆస్పత్రుల సంఘం చెప్పింది. జెండా మారింది, బకాయి మాత్రం మారలేదు. రిసెప్షన్‌లో కార్డు తిరగ్గొట్టిన క్షణాన చిన్న వ్యాపారి ముందు రెండే దారులు. సరుకు తేవడానికి దాచిన సొమ్ము కట్టడం, లేదా డైలీ ఫైనాన్స్ వాడికి ఫోను చేయడం. ఆస్పత్రికి ప్రభుత్వం చెల్లించని డబ్బును ఆ రోజున కిరాణా కొట్టు చెల్లించింది. ఒక రాష్ట్ర ఖజానా తన అప్పును కూరగాయల బండి నెత్తిన రుద్దడం పాలనా వైఫల్యమనే మాటకు లొంగేది కాదు. ఇది బాధ్యతను బలహీనుడి మీదికి తోసేయడం. మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఆమోదించిన కొత్త పద్ధతిలో రెండున్నర లక్షల దాకా బీమా సంస్థలు, ఆపై ట్రస్టు భరిస్తాయట. ప్రీమియం గడువుకు కట్టకపోతే అక్కడా జరిగేది ఇదే.

ఇంతకంటే లోతైన లోపం దేశ చట్టాల్లోనే ఉంది. ఈఎస్‌ఐ పది మంది పనివారితో మొదలవుతుంది. ప్రసూతి ప్రయోజనాలు దుకాణాల విషయంలో పది మందితో మొదలవుతాయి. క్రెష్ (పసిపిల్లల సంరక్షణ కేంద్రం) నిబంధన యాభై మందితో. ఈ దేశంలో దుకాణమంటే ఏమిటో తెలిసి గీసిన గీతలేనా ఇవి? ఆరో ఆర్థిక గణన 5.85 కోట్ల సంస్థలను లెక్కించింది. ఒక్కో దానిలో పనిచేసేవారు సగటున 2.24 మంది. వాటిలో నూటికి డెబ్భైకి పైగా కూలికి మనిషిని పెట్టుకోకుండా ఇంటిల్లిపాదీ నడుపుకునేవే. సామాజిక భద్రత అనే ఇంటికి గుమ్మం పది మంది ఎత్తులో కట్టి, రెండుంపావు మందిని లోపలికి రమ్మంటున్నాం.

పది అనే గీత చిన్నవారి రక్షణ కోసమే గీశామని అధికారులంటారు. రిజిస్టర్లు, రిటర్నులు, ఇన్‌స్పెక్టర్ల బెడద లేకుండా బతకనిచ్చామంటారు. అందులో నిజం లేకపోలేదు. తనిఖీల పేరిట చేతులు తడపవలసి వచ్చిన రోజులను ఏ వ్యాపారీ మరిచిపోడు. అయితే కాగితాల పని తప్పించడానికి కార్మికుడి వైద్యాన్నీ తప్పించవలసిన అవసరమేమిటి? లెక్క వేసి చూద్దాం. నెలకు 12 వేలు జీతమున్న పనివాడికి ఈఎస్‌ఐ కింద యజమాని కట్టేది 3.25 శాతం, అంటే 390 రూపాయలు. పనివాడి వాటా 0.75 శాతం, 90 రూపాయలు. 480 రూపాయలతో ఒక కుటుంబానికి ఓపీ నుంచి ఆపరేషన్ దాకా వైద్యం, జబ్బు పడిన రోజులకు జీతంలో కొంత, ఆడమనిషైతే ప్రసూతి కాలానికి వేతనం. తొమ్మిది మందితో కుట్టు యూనిట్ నడిపేవారికి ఇదేమీ వర్తించదు. పదో మనిషిని పెట్టుకున్న నెల నుంచి పది మందికీ కలిపి 3,900 ఒక్కసారిగా మీద పడుతుంది. అందుకే చాలా యూనిట్లు తొమ్మిది దగ్గరే ఆగిపోతాయి. లేదా పుస్తకంలో ఆగి, షెడ్డులో పెరుగుతాయి. పనివాడికి ఒంట్లో బాగోలేకపోతే ఓనరిచ్చే చేబదులే అక్కడి ఈఎస్‌ఐ. ఆ చేబదులు జీతంలో విరగ్గోసుకునేసరికి మరో జబ్బు వస్తుంది.

2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన సామాజిక భద్రతా స్మృతి పది మందిలోపు సంస్థలు కూడా ఇష్టముంటే ఈఎస్‌ఐలో చేరవచ్చంది. స్వాగతించవలసిన మార్పే. కానీ ఆ ఇష్టం ఎవరికి పుడుతుంది? పక్క కొట్టువాడు కట్టని ఖర్చును తానొక్కడే కడితే ధరలో వెనకబడతానని ఏ వ్యాపారికైనా తెలుసు. పైగా ఈఎస్‌ఐ చూసేది ఉద్యోగిని. బండి నడిపే ఇల్లాలు ఎవరికీ ఉద్యోగి కాదు, తన బండికి తానే యజమానురాలు. పొద్దస్తమానం పొయ్యి దగ్గర నిలబడే మనిషి చట్టం కంట్లో పెట్టుబడిదారు. కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి పది కోట్ల టర్నోవరు దాకా ఉన్నవాటిని సూక్ష్మ సంస్థలనే పిలుస్తోంది. ఆ దుర్భిణిలో టిఫిన్ బండి ఎక్కడ కనబడుతుంది?

పన్నుల వ్యవస్థ చేసిన న్యాయం మరీ విచిత్రం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. మంచి పనే. తన దగ్గర పనిచేసే ఆరుగురికి కలిపి గ్రూపు పాలసీ తీసుకునే చిన్న యజమానికి మాత్రం ఆ 18 శాతం అలాగే ఉంది. కాంపొజిషన్ పద్ధతిలో ఉన్న వ్యాపారికి దాన్ని మినహాయించుకునే అవకాశమూ లేదు. తన ఒక్కడి ఒళ్లు చూసుకుంటే పన్ను లేదు, పనివాళ్ల బాగోగులు చూస్తే పన్ను ఉంది. ఏ ఆర్థిక శాస్త్రం ప్రకారం ఇది సంస్కరణో జీఎస్టీ మండలే చెప్పాలి.

ప్రసూతి సెలవు సంగతి ఇంకా సున్నితమైనది. 2017 సవరణతో 26 వారాల వేతన సెలవు వచ్చింది. ఈఎస్‌ఐ పరిధిలో ఉన్నవారికి ఆ సొమ్ము ఈఎస్‌ఐ ఇస్తుంది. పరిధి దాటిన 21 వేల పైజీతం వారికి మొత్తం భారం యజమానిదే. పదిహేను మందితో నడిచే ల్యాబ్‌కో, అకౌంట్స్ ఆఫీసుకో ఆరు నెలల జీతం తేలికైన మాట కాదు. ఫలితం అందరికీ తెలిసిందే, ఎవరూ కాగితం మీద పెట్టనిదే. కొత్తగా పెళ్లయిన అమ్మాయి దరఖాస్తు పక్కకు పోతుంది. ప్రసూతి వేతనాన్ని ఏ ఒక్క యజమాని నెత్తినా నేరుగా మోపవద్దని, సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధి నుంచో చెల్లించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 సంవత్సరపు ఒప్పందంలోనే చెప్పింది. భారత్ దాన్ని ధ్రువీకరించలేదు. హక్కు చట్టసభ ఇస్తుంది, బిల్లు చిన్న వ్యాపారికి పోతుంది, శిక్ష ఉద్యోగం దొరకని అమ్మాయికి పడుతుంది.

బిడ్డ పుట్టాక కథ మరీ దారుణం. ఈ మెట్టభూముల్లో ఆడవాళ్ల పని గురించి పట్నం మేధావులకు పాఠాలు చెప్పనక్కర్లేదు, గుంటూరు కోల్డ్ స్టోరేజీల ముందు మిర్చి తొడిమలు తీసే వారిని చూస్తే చాలు. ఘాటుకు ముక్కుకు కొంగు చుట్టుకుని తల్లి పనిచేస్తుంటే, ఆ ఘాటులోనే చీర ఉయ్యాల్లో పసికందు తుమ్ముతూ ఉంటుంది. పత్తి తీతకు ఆటోల్లో వెళ్లేవారు గట్టు మీద చెట్టుకు ఉయ్యాల కడతారు. రాజధాని భూములు సమీకరణలోకి పోయాక తుళ్లూరు మండలంలో భూమిలేని ఆడవాళ్లకు ఊళ్లో పొలం పని తగ్గింది, దూరం పెరిగింది. దూరం పెరిగితే బిడ్డను మధ్యాహ్నం వచ్చి చూసుకునే వీలు పోయింది. చట్టాలకు ఈ సంగతి తెలియక కాదు. ముప్పై మందికి పైగా ఆడవాళ్లుంటే క్రెష్ ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం, యాభై మందికి పైగా ఆడవాళ్లుంటే ఉండాలని 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పాయి. ఇప్పటి స్మృతులు యాభై మంది సిబ్బంది అంటున్నాయి. కూలీలను ముఠాలుగా, సబ్ కాంట్రాక్టులుగా చీల్చి చూపితే ఏ సైటులోనైనా యాభై నలభై తొమ్మిది అవుతుంది.

మిగిలింది అంగన్‌వాడీ. 1975లో మొదలైన ఐసీడీఎస్ ఈ దేశం పిల్లలకు చేసిన గొప్ప మేలుల్లో ఒకటి. కానీ అది పౌష్టికాహారం, పూర్వ ప్రాథమిక విద్య కోసం పుట్టింది, తల్లి పనివేళల కోసం కాదు. మూడేళ్లు నిండని పిల్లలను అక్కడ రోజంతా ఉంచుకోరు. నిండినవారిని సాయంత్రం నాలుగింటికి పంపేస్తారు. మరోవైపు రోజువారీ పనివేళలను పది గంటల దాకా పెంచుకునే వెసులుబాటును రాష్ట్రం 2025లో యజమానులకిచ్చింది. రాత్రి షిఫ్టుల్లో మహిళలను తీసుకోవడానికీ ఒప్పుకుంది. పెట్టుబడులకు అనుకూలమన్నారు. పని పది గంటలు చేసినప్పుడు అంగన్‌వాడీని కూడా పది గంటలు తెరిచి, దానికి అదనపు మనిషిని, జీతాన్ని ఇవ్వాలన్న ఆలోచన ఆ మంత్రివర్గ సమావేశంలో ఎవరికీ రాలేదా? ఇళ్లలో అమ్మమ్మో, నాయనమ్మో, పనిమనిషో ఉన్నవారు కూర్చుని గీసే విధానాలు ఇలాగే ఉంటాయి.

ఆ అంగన్‌వాడీ కార్యకర్తకు ప్రభుత్వమిచ్చే గౌరవమెంతో కూడా చూశాం. 11,500 రూపాయల గౌరవ వేతనం సరిపోవడం లేదని 2023 డిసెంబరు 12న సమ్మెకు దిగితే, 2024 జనవరి 6న వారిపై ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవ అని తేల్చడానికి ఎస్మా గుర్తొచ్చింది, జీతం ఇవ్వడానికి మాత్రం అది గౌరవ సేవ అయింది. నలభై రోజులకు పైగా కేంద్రాలకు తాళాలు పడితే ఎంతమంది తల్లులు కొట్లు మూసుకున్నారో, ఎంతమంది కూలి మానుకున్నారో లెక్కగట్టాలన్న ధ్యాస ఏ శాఖకూ కలగలేదు.

జనాభా తగ్గిపోతోంది, ఎక్కువ మంది పిల్లల్ని కనండని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 అక్టోబరు నుంచి పిలుపునిస్తున్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధననూ తొలగించారు. వృద్ధాప్యం వైపు జారుతున్న రాష్ట్రం గురించి ఆయన ఆందోళన అసత్యం కాదు. బడికి వెళ్లే ప్రతి బిడ్డకూ తల్లికి వందనం కింద ఏటా 15 వేలు లెక్కగట్టడమూ మంచి సాయమే. అది మొదలయ్యేది ఒకటో తరగతిలో. పుట్టిన నాటి నుంచి ఆ రోజు దాకా, తల్లి పని మానుకోవలసి వచ్చే సరిగ్గా ఆ అయిదారేళ్లు, ఇంటి సొంత గొడవ. మూడో బిడ్డను కనమనే ప్రభుత్వం మొదటి బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలో చెప్పడం లేదు.

ఈ ఖర్చులన్నీ చివరికి చేరే చోటు అప్పుల చీటీ. కుట్టు మిషన్ పేరు చెప్పి తెచ్చిన రుణం ఆస్పత్రి కౌంటరులో కట్టడం, గేదె కోసమని తీసుకున్న డ్వాక్రా అప్పు కాన్పుకు వాడటం గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. బ్యాంకు వాళ్లు దాన్ని నిధుల మళ్లింపంటారు. ప్రాణం మీదికొస్తే మళ్లించకుండా ఎవరాగుతారు? 2010లో ఉమ్మడి రాష్ట్రాన్ని కుదిపేసిన సూక్ష్మరుణ సంక్షోభానికి సంస్థల వేధింపులు కారణమని, ఆ అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చి వాటికి కళ్లెం వేశారు. వేయవలసిందే. అయితే ఒకేసారి నాలుగైదు చోట్ల అప్పు తేవలసిన అవసరం ఆ ఇళ్లకు ఎందుకొచ్చిందన్న ప్రశ్నను ఆర్డినెన్స్ అడగలేదు. జబ్బులకూ కాన్పులకూ చదువులకూ వేరే దిక్కు లేని చోట వసూలు చేసేవాడిని కట్టడి చేయడం సగం వైద్యమే. ముద్ర రుణ పరిమితిని ఇరవై లక్షలకు పెంచామని ఇప్పుడు చెప్పుకుంటున్నవారు ఆ పాత పాఠాన్ని తిరగేయాలి.

రాజధానిలో వైద్యం గురించి ఆలోచనే లేదని ఎవరూ అనలేరు. అమరావతి ప్రణాళికలోని తొమ్మిది నగరాల్లో ఒకటి ఆరోగ్య నగరం. 2017లో ఇండో-యూకే వైద్య సంస్థకు 150 ఎకరాలిచ్చి శంకుస్థాపన చేశారు. ఆస్పత్రి రాలేదు. 2025 ఆగస్టులో తుళ్లూరులో బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రికి భూమిపూజ జరిగింది. అది పూర్తయితే జిల్లాకు పెద్ద అండ. మంగళగిరి ఎయిమ్స్ ఇప్పటికే వేలమందికి దిక్కయింది. కానీ పేరున్న ప్రతి కట్టడమూ పెద్ద రోగం కోసమే. ఉదయం ఆరుకు బేరం మొదలయ్యే మనిషికి కావలసింది సాయంత్రం ఏడు తర్వాత తెరిచి ఉండే డాక్టరు, అక్కడే రక్తపరీక్ష, అక్కడే మందులు. ఎయిమ్స్ ఓపీ చీటీ కోసం ఒక పూట, పరీక్షకు ఒక పూట, రిపోర్టుకు ఇంకో పూట అంటే చిన్న వ్యాపారికి మూడు రోజుల బేరం పోయినట్టే. ఉచితమన్న మాటకు ఆ మూడు రోజుల ఖరీదు కూడా కలిపితేనే అసలు ధర తెలుస్తుంది.

ఇక్కడే 2014 డిసెంబరు 8 అనే తేదీని మళ్లీ చూడాలి. భూములిచ్చినవారికి మేలు చేయడానికి ఒక తేదీ కావాలి, కాదనం. అయితే ఆ తర్వాత పాలకొల్లు నుంచో, ఒంగోలు నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చి ఇక్కడ మెస్ పెట్టినవాడు, జిరాక్స్ కొట్టు పెట్టినవాడు, ప్లంబరు, ఎలక్ట్రీషియన్, వారి పిల్లలు ఎవరు? వారు లేకుండా ఈ నగరం రోజు గడవదు. ఆ కుటుంబాలకు హామీ వర్తించదు. ఊరివారికి హామీ ఉంది, నగరం కట్టేవారికి లేదు. ఇప్పుడు వడ్డమాను, హరిశ్చంద్రపురం, పెదపరిమి వంటి గ్రామాల్లో రెండో విడత సమీకరణ ముందుకొచ్చింది. అదే నమూనాలో, తేదీ మాత్రం మార్చి అదే గీత మరోసారి గీస్తే తప్పు కొత్త ఎకరాలకు పాకుతుంది. రాష్ట్రంలో రేపు వచ్చే ప్రతి పారిశ్రామిక నగరానికీ అమరావతి నిబంధనలే మాతృక అవుతాయి గనుక దీన్ని ఒక మండలం గొడవగా చూడరాదు.

డబ్బెక్కడిదని అడుగుతారు. జవాబు రాజధాని పనుల్లోనే ఉంది. నిర్మాణ వ్యయంలో ఒక శాతానికి తగ్గకుండా కార్మికుల సంక్షేమ సెస్సు వసూలు చేయాలని 1996 నుంచి చట్టముంది, కొత్త స్మృతిలోనూ ఉంది. 2025 మే 2న ప్రధాని ప్రారంభించిన రాజధాని పనుల విలువ 49 వేల కోట్లకు పైగానే. ఒక శాతమంటే 490 కోట్లు. ఈ సెస్సు నిధులను దేశమంతటా ఖర్చు చేయకుండా పోగేశారని సుప్రీంకోర్టు 2018లో గట్టిగానే మందలించింది. తుళ్లూరు, మందడం, వెలగపూడి, నేలపాడు కూడళ్లలో పొద్దున ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా నడిచే క్రెష్‌లకు, కూలీల బిడ్డలతోపాటు చిన్న వ్యాపారుల బిడ్డలనూ చేర్చుకునే వాటికి ఇందులో ఓ మూల సరిపోతుంది. కేంద్రం పాల్నా పథకంలో అంగన్‌వాడీలోనే క్రెష్ పెట్టుకునే వీలుంది, నెలకు ఇరవై ఆరు రోజులు, రోజుకు ఏడున్నర గంటలు. మిగతా గంటలు రాష్ట్రం భరించాలి. పక్కనున్న కర్ణాటక ఉపాధి కూలీల పిల్లల కోసం 2023లో గ్రామ పంచాయతీల్లో కూసిన మనె పేరిట నాలుగు వేల క్రెష్‌లు పెట్టాలని తలపెట్టింది. ఢిల్లీలో భవన కూలీల పిల్లల కోసం సైటులోనే క్రెష్ తెరిచినవారు 1969లోనే ఉన్నారు. చేయడానికి దారి తెలియని పని కాదిది.

వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ప్రభుత్వం సభ ముందు పెట్టవలసినవి కొన్ని ఉన్నాయి. రాజధాని పనుల మీద వసూలైన సెస్సు ఎంత, అందులో పసిపిల్లల కోసం ఖర్చయింది ఎంత అన్నది మొదటిది. నెట్‌వర్క్ ఆస్పత్రుల బిల్లులకు చట్టబద్ధమైన గడువు, గడువు దాటితే వడ్డీ, సేవ ఆగితే రోగి కట్టిన సొమ్మును తిరిగిచ్చే ఏర్పాటు రెండోది. పది మందిలోపు సంస్థ ఈఎస్‌ఐలో చేరితే మొదటి మూడేళ్లు యజమాని వాటాను రాష్ట్రమే కట్టడానికి, యజమానురాలికీ ఆ వైద్యంలో చోటు కల్పించడానికి ఏమి చేయదలచారో చెప్పాలి. గ్రూపు బీమా మీద పన్ను ఎత్తేయాలని జీఎస్టీ మండలిలో రాష్ట్ర ఆర్థికమంత్రి అడిగారా లేదా అన్నదీ ప్రజలకు తెలియాలి. రెండో విడత సమీకరణ నిబంధనల్లో ఉచిత వైద్యం హామీని నివాస తేదీతో ముడిపెట్టకుండా, అక్కడ పనిచేసే ప్రతి కుటుంబానికీ వర్తింపజేస్తూ సవరణ తేవడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. పురపాలక శాఖ ఉత్తర్వు చాలు.